సరిహద్దుకు ఇవతల: తెలంగాణ సాయుధ దళాలు, కృష్ణా జిల్లా

తెలంగాణ సాయుధ పోరాటం 1946లో మొదలై 1951 అక్టోబరులో ఆగింది. నల్లగొండ, వరంగల్లు జిల్లాల పల్లెలే దానికి రణరంగం. వెట్టి మీద, లెవీ ధాన్యం మీద, భూస్వాములైన దేశ్‌ముఖుల భూకబ్జాల మీద తిరగబడింది అక్కడి రైతులు, కూలీలు. అయితే ఈ పోరాటపు చరిత్రను తెలంగాణ జిల్లాలకే పరిమితం చేసి చదివితే సగమే అర్థమవుతుంది. దళాలకు తుపాకీ ఎక్కడి నుంచి వచ్చింది, గాయపడ్డవాణ్ని ఎక్కడ దాచారు, కరపత్రం ఎక్కడ అచ్చయింది, తరుముకొస్తున్న రజాకార్ల (నిజాం పక్షపు వలంటీర్ల) నుంచి తప్పించుకున్న కుటుంబం ఎక్కడ తలదాచుకుంది అని అడిగితే చాలాసార్లు జవాబు బెజవాడ, జగ్గయ్యపేట, నందిగామ, తిరువూరు వైపు దారి తీస్తుంది. ఫిరంగులు లేని ఒక స్వచ్ఛంద సైన్యం నాలుగేళ్లు ఎలా నిలబడిందన్న ప్రశ్నకు జవాబులో కృష్ణా జిల్లా సరిహద్దుకు ఇప్పటిదాకా ఇచ్చిన చోటు చాలదు.

ముందు భూగోళం చూడాలి. నిజాం రాజ్యానికీ గుంటూరు జిల్లాకూ మధ్య కృష్ణానది ఉంది. దాటాలంటే పడవ కావాలి, రేవు కావాలి, రేవులో కాపలా ఉంటుంది. కృష్ణా జిల్లాకు అలాంటి అడ్డం తక్కువ. కోదాడ నుంచి జగ్గయ్యపేటకు వచ్చే బాటలో పాలేరు వాగు దాటితే మద్రాసు రాష్ట్రం. మధిర తాలూకా పొలాలు నందిగామ, తిరువూరు తాలూకాల పొలాల్లో కలిసిపోతాయి. రెండు వైపులా చుట్టరికాలు, సంతలు, ఒకటే భాష. దీనికి తోడు 1889 నుంచి బెజవాడను నిజాం రైలుమార్గంతో కలిపిన లైను ఖమ్మం, మధిరల మీదుగానే వస్తుంది. అన్నిటికన్నా విచిత్రం మునగాల పరగణా. చుట్టూ నిజాం ఇలాకా ఉన్నా మునగాల మాత్రం అప్పట్లో కృష్ణా జిల్లా నందిగామ తాలూకాలో భాగం. అక్కడి రైతులు జమీందారుతో 1930ల నుంచే పోరాడుతున్నారు. నిజాం పోలీసులకు అందులో అడుగుపెట్టే హక్కు లేదు. నల్లగొండ జిల్లా లోపల ఇలాంటి ఆశ్రయం ఉండటం సంఘం (ఆంధ్ర మహాసభ) కార్యకర్తలకు ఎంత పెద్ద అండో చెప్పనక్కర్లేదు.

పరిటాలది దీనికి తిరగేసిన కథ. నందిగామ దాపున, బెజవాడ–హైదరాబాదు బాట మీద ఉన్న పరిటాల, దాని చుట్టుపక్కల కొన్ని గ్రామాలు నిజాం జాగీరు. ఉత్తర సర్కారులను ఈస్టిండియా కంపెనీకి వదులుకున్నప్పుడు వజ్రాల గనులున్న ఈ పల్లెలను నిజాం తన కిందే ఉంచుకున్నాడు. 1947లో దేశమంతా జెండా ఎగరేసుకుంటే పరిటాల ప్రజలు ఇంకా నిజాం రైతులే. వాళ్లు ఊరుకోలేదు. నిజాం పాలనను తోసిపుచ్చి తమది స్వతంత్ర రాజ్యమని ప్రకటించుకుని, 1948 దాకా పాలన తామే నడుపుకున్నారు. దాన్నే పరిటాల రిపబ్లిక్ అంటారు. కృష్ణా జిల్లా చరిత్రలో ఇంత గర్వపడదగిన ఘట్టాన్ని పాఠ్యపుస్తకాలు దాటవేయడం అన్యాయం.

డెల్టాలో వలంటీరు సంప్రదాయం తెలంగాణ కోసం పుట్టినది కాదు. ఆనకట్ట నీళ్లతో మాగాణి అయిన ఈ నేల మీద చదువుకున్న రైతుబిడ్డల తరం ఒకటి తయారైంది. సహాయ నిరాకరణ, ఉప్పు సత్యాగ్రహం, జమీందారీ వ్యతిరేక యాత్రలు, గ్రంథాలయోద్యమం వాళ్లకు సంఘటితంగా మెలగడం నేర్పాయి. కమ్యూనిస్టు పార్టీ ఆంధ్ర శాఖ బలమంతా కృష్ణా, గుంటూరు జిల్లాల్లోనే ఉండేది. నెల్లూరు జిల్లా అలగానిపాడులో పుట్టిన పుచ్చలపల్లి సుందరయ్య, కృష్ణా జిల్లా మంగళాపురంలో పుట్టిన చండ్ర రాజేశ్వరరావు దాని ప్రధాన నాయకులు. 1942 ఏప్రిల్‌లో జపాను విమానాలు విశాఖ, కాకినాడల మీద బాంబులు వేసిన తర్వాత కోస్తాలో యువతీయువకులకు డ్రిల్లు, కర్రసాము, ఆత్మరక్షణ నేర్పే శిబిరాలు నడిచాయి. 1944 మార్చిలో అఖిల భారత కిసాన్ సభ మహాసభ బెజవాడలోనే జరిగింది. అదే ఏడు భువనగిరిలో జరిగిన ఆంధ్ర మహాసభకు రావి నారాయణరెడ్డి అధ్యక్షుడయ్యారు. దాంతో అక్కడి సంస్థ కమ్యూనిస్టుల చేతికి వచ్చింది. అటు సంఘం, ఇటు పార్టీ ఒకే నిర్మాణంగా పనిచేయడం అప్పుడు మొదలైంది.

తొలి ఆయుధాలు ఇళ్లలో, చేలల్లో దొరికేవే. 1946 జులై 4న జనగామ తాలూకా కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల కాల్పుల్లో దొడ్డి కొమరయ్య చనిపోయే నాటికి సంఘం వాళ్ల చేతుల్లో ఉన్నవి గుత్పలు (దుడ్డుకర్రలు), వడిసెలలు. జనం దాన్ని గుత్పల సంఘం అని పిలిచింది అందుకే. ఆడవాళ్లు రోకళ్లు, కారప్పొడి పట్టుకుని నిలబడ్డారు. చేలో పిట్టలు తోలే వడిసెలను తక్కువ చేసి చూడకూడదు. చెయ్యి తిరిగినవాడు గుండ్రాయి పెట్టి విసిరితే మనిషి తల పగులుతుంది. వందమంది ఒక్కసారి విసిరితే లాఠీ పోలీసు ముందుకు రాలేడు. ఆ ఏడాది చివర్లో బాలెంల, పాత సూర్యాపేట, దేవరుప్పుల, మల్లారెడ్డిగూడెం పల్లెల్లో జనం నిజాం పోలీసులను, సైన్యాన్ని ఎదిరించింది దాదాపు ఈ సరంజామాతోనే. కాని రైఫిలు దూరం వేరు. వడిసెల రాయి అందని చోట నిలబడి సైనికుడు గురిచూసి కాలుస్తాడు. ఎంత తెగువ ఉన్నా ఆ దూరం దాటడానికి చాలదని ఆ శీతాకాలంలో పల్లెలకు తెలిసివచ్చింది. నేలకొరిగినవాళ్ల సంఖ్యే ఆ సంగతి చెప్పింది.

1947 సెప్టెంబరు 11న రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ సాయుధ పోరాటానికి పిలుపునిచ్చారు. అప్పటి నుంచి తుపాకుల సేకరణ సంఘానికి అసలు పని అయింది. మొదటి వనరు దేశ్‌ముఖుల గడీలు, అంటే వాళ్ల కోటల్లాంటి ఇళ్లు. అక్కడున్న లైసెన్సు తుపాకులను దళాలు స్వాధీనం చేసుకున్నాయి. రెండోది నాటు తుపాకీ. దీన్ని భర్మారు అనేవారు. దాన్ని నింపే తీరు చూస్తే దళసభ్యుడి కష్టం తెలుస్తుంది. గొట్టం మూతి నుంచి మందు పోయాలి, పీచో గుడ్డో కూరి గజంతో దట్టించాలి, తర్వాత గుండ్లో ఇనుప ముక్కలో వేసి మళ్లీ దట్టించాలి, వెనక టోపీ పెట్టి అప్పుడు పేల్చాలి. ఒక్క దెబ్బ కొట్టి రెండోదానికి సిద్ధమయ్యేలోగా అవతలి సిపాయి పది తూటాల మేగజీను ఖాళీ చేయగలడు. వాన పడితే మందు చెమ్మగిల్లుతుంది. అందుకే భర్మారుతో ఎదురెదురు యుద్ధం చేయకూడదని దళాలు త్వరగానే నేర్చుకున్నాయి. మాటు వేయడం, దగ్గరికి రానివ్వడం, ఒక్క దెబ్బ కొట్టి చీకట్లో తప్పుకోవడం వాళ్ల పద్ధతి అయింది. మూడో వనరు శత్రువే. పోలీసు ఠాణాల మీద, రజాకారు శిబిరాల మీద దాడిచేసి 303 రైఫిళ్లు, స్టెన్‌గన్లు తెచ్చుకున్నారు.

నాలుగోది కోస్తా. రెండో ప్రపంచ యుద్ధం ముగిసి సైన్యాలు చెదిరిన రోజులవి. తుపాకులు, తూటాలు, మందుగుండు కొనడానికి డబ్బు కావాలి, కొన్నవాటిని దాచడానికి ఇళ్లు కావాలి, దాటించడానికి మనుషులు కావాలి. ఈ మూడూ కృష్ణా జిల్లా ఇచ్చింది. సైన్యం వదిలి కమ్యూనిస్టు ఉద్యమంలోకి వచ్చిన మేజర్ జైపాల్ సింగ్ లాంటివాళ్లు శిక్షణ ఇచ్చారు. అవతలి పక్షానికి ఆయుధాలు ఎలా వచ్చాయో చూస్తే తేడా తెలుస్తుంది. 1948లో ఆస్ట్రేలియా వైమానికుడు సిడ్నీ కాటన్ కరాచీ నుంచి విమానాల్లో ఆయుధాలు తెచ్చి హైదరాబాదులో దించాడు. 1938లో మొదలై కాశిం రజ్వీ నాయకత్వంలో పెరిగిన రజాకార్లు కూడా జీతం లేని వలంటీర్లే. కాని వాళ్ల వెనక నిజాం సైన్యం, ఖజానా ఉన్నాయి. దళం వెనక సరిహద్దు ఇవతలి పల్లెలు ఉన్నాయి.

దళాల నిర్మాణం మూడు అంచెలుగా ఉండేది. ఊళ్లోనే ఉంటూ పగలు వ్యవసాయం చేసుకుని రాత్రి కాపలా కాసేది గ్రామదళం. రోడ్లకు గండ్లు కొట్టి, చెట్లు నరికి అడ్డం వేసి, లారీలు రాకుండా చేసేది విధ్వంసక దళం. ఇల్లూ వాకిలీ వదిలి పూర్తిగా దళంలో తిరిగేది గెరిల్లా దళం. దానికి ఒక కమాండరు, ఒక రాజకీయ బాధ్యుడు, పదిమంది దాకా సభ్యులు. సుందరయ్య ఇచ్చిన లెక్క ప్రకారం పోరాటం ఉచ్చస్థితిలో ఉన్నప్పుడు గ్రామదళాల్లో 10,000 మంది, గెరిల్లా దళాల్లో 2,000 మంది ఉన్నారు. సుమారు 3,000 గ్రామాల్లో గ్రామరాజ్యాలు ఏర్పడ్డాయి, 10 లక్షల ఎకరాల భూమి పంచారు. ఇవి ఉద్యమం తన గురించి తాను చెప్పుకున్న అంకెలు అన్నది గుర్తుంచుకోవాలి. అయినా వెట్టి ఆగిపోయిందని, గడీలు ఖాళీ అయ్యాయని ప్రత్యర్థులు కూడా ఒప్పుకున్నారు. భీమిరెడ్డి నరసింహారెడ్డి లాంటి కమాండర్లు, మల్లు స్వరాజ్యం లాంటి యువతులు, జాటోతు ఠాను లాంటి లంబాడా వీరులు ఈ దళాల నుంచి వచ్చినవాళ్లే. ఠాను ప్రాణమే ఇచ్చాడు.

బెజవాడలో ఇంకో రకం దళాలు ఉండేవి. వాళ్ల చేతిలో ఉన్నవి అచ్చు యంత్రం, తంబురా, డక్కీ. ప్రజాశక్తి పత్రిక తెలంగాణ వార్తలను కోస్తా పల్లెలకు చేరవేసింది. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు కలిసి రాసిన మా భూమి నాటకాన్ని ప్రజానాట్యమండలి దళాలు ఊరూరా ఆడాయి. మోటూరి ఉదయం, చింతల కోటేశ్వరమ్మ, వీరమాచనేని సరోజిని బుర్రకథ చెప్పారు. ఆడవాళ్లు వేదికెక్కి బుర్రకథ చెప్పడం ఆ రోజుల్లో కనీవినీ ఎరగనిది. పొద్దున లేస్తే పొలం పనికి పోయే రైతు తన గాదెలోంచి వడ్లు కొలిచి తెలంగాణ నిధికి పంపాడంటే ఆ పాట, ఆ నాటకం చేసిన పనే.

సరిహద్దును వాడుకున్నది కమ్యూనిస్టు దళాలు మాత్రమే కాదు. 1947 ఆగస్టు నుంచి హైదరాబాదు స్టేట్ కాంగ్రెస్ కూడా సరిహద్దు శిబిరాలు నడిపింది. స్వామి రామానంద తీర్థ నాయకత్వంలోని సంస్థకు బొంబాయి, మధ్యపరగణాలు, మద్రాసు రాష్ట్రాల సరిహద్దుల పొడుగునా స్థావరాలు ఉండేవి. చాందా శిబిరంలో పనిచేసిన యువకుల్లో పి.వి. నరసింహారావు ఒకరు. బెజవాడ, నందిగామ ప్రాంతంలోని శిబిరాల్లో తెలంగాణ నుంచి వచ్చిన విద్యార్థులు, శరణార్థులు చేరారు. రజాకార్ల దాడులు ముదిరేకొద్దీ శరణార్థుల తాకిడి పెరిగింది. సత్రాలు, బడులు, చుట్టాల ఇళ్లు నిండిపోయాయి. మొదట్లో ఈ రెండు పక్షాలూ ఒకే శత్రువు మీద పోరాడాయి. భూమి పంపకం దగ్గర దారులు చీలాయి.

1948 మొదటి నెలల్లో పరిస్థితి మారింది. ఓమందూర్ రామస్వామి రెడ్డియార్ నాయకత్వంలోని మద్రాసు ప్రభుత్వం కోస్తాలో కమ్యూనిస్టుల అరెస్టులు మొదలుపెట్టింది. ప్రజాశక్తి మూతపడింది. ఫిబ్రవరి, మార్చిలో కలకత్తాలో జరిగిన కమ్యూనిస్టు పార్టీ మహాసభలో బి.టి. రణదివే నాయకత్వం వచ్చింది. దానికి భిన్నంగా ఆంధ్ర కమిటీ చైనా దారిని, దీర్ఘకాల గెరిల్లా యుద్ధాన్ని సమర్థిస్తూ తన పత్రాన్ని పంపింది. భారత కమ్యూనిస్టు ఉద్యమంలో మావో మార్గాన్ని అంత స్పష్టంగా ముందుకు తెచ్చిన తొలి పత్రం అదేనని చరిత్రకారులు గుర్తించారు. మే నెలలో హైదరాబాదు ప్రభుత్వం కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం ఎత్తివేసింది. ఇండియన్ యూనియన్‌తో తగాదాలో కమ్యూనిస్టులను తటస్థం చేసుకోవాలన్న ఎత్తు అది. కమ్యూనిస్టులు రజాకార్లతో కలిశారన్న నిందకు అదే ఆధారమైంది. కాని ఆ నింద ఎంతవరకు నిజమో తేల్చడానికి బైరాన్‌పల్లి ఒక్కటి చాలు.

బైరాన్‌పల్లి ఇప్పటి సిద్దిపేట జిల్లాలో ఉంది. ఊరి మధ్య పాత బురుజు. ఊరివాళ్లు దాన్ని బాగుచేసి కాపలా కోట చేసుకున్నారు. పైన ఎప్పుడూ మనుషులు ఉండేవారు. దూరంగా రజాకార్లు కనబడగానే నగారా మోగేది, జనం సర్దుకునేవారు, బురుజు మీది నాటు తుపాకులు పేలేవి. మందుగుండు కూడా బురుజులోనే దాచారు. అలా అంతకుముందు వచ్చిన దాడులను తిప్పికొట్టారు. 1948 ఆగస్టు 27 తెల్లవారుజామున రజాకార్లు ఒంటరిగా రాలేదు. నిజాం సైనికులను, ఫిరంగులను వెంట తెచ్చారు. భర్మారు అందుకోలేనంత దూరం నుంచి గుండ్లు వచ్చి బురుజును తాకాయి. బురుజు మీది కాపలాదారులు చనిపోయారు. తర్వాత ఊళ్లో మగవాళ్లను పట్టి వరసగా నిలబెట్టి కాల్చారు, ఆడవాళ్ల మీద అత్యాచారాలు చేశారు. చనిపోయినవారి లెక్క కథనానికో రకంగా ఉన్నా ఎనభైకి తగ్గదు. ఫిరంగి లేని సైన్యం ఒకచోట కదలకుండా నిలబడితే ఏమవుతుందో బైరాన్‌పల్లి చూపింది. కదిలే దళం బతికింది, కదలని బురుజు కూలిపోయింది. నిలబడి పోరాడటం తప్ప ఊరికి మరో దారి లేకపోయింది.

సరిగ్గా పదిహేడు రోజులకు, సెప్టెంబరు 13న, భారత సైన్యం హైదరాబాదులోకి ప్రవేశించింది. ప్రధాన దండు షోలాపూరు నుంచి మేజర్ జనరల్ జె.ఎన్. చౌదరి నాయకత్వంలో కదిలింది. తూర్పు నుంచి మేజర్ జనరల్ ఎ.ఎ. రుద్ర నాయకత్వంలోని దండు బెజవాడ నుంచి బయల్దేరింది. అది నడిచిన దారి నందిగామ, జగ్గయ్యపేట, కోదాడ, మునగాల, సూర్యాపేట. అంతవరకు దళాలకు మందుగుండు పోయిన దారి అదే. కోదాడ దగ్గర నిజాం సైన్యంతో గూర్ఖా పటాలానికి పోరు జరిగింది. నిజాం సైన్యం వెనక్కు పోతూ మూసీ వంతెనను దెబ్బతీసినా కాపలా పెట్టలేదు. వంతెన త్వరగానే బాగైంది. 17వ తేదీ సాయంత్రం నిజాం కాల్పుల విరమణ ప్రకటించాడు. మర్నాడు నిజాం సేనాని ఎల్ ఎద్రూస్ చౌదరికి లొంగిపోయాడు.

దళాలకు అసలు దెబ్బ ఇక్కడే తగిలింది. ఈ సంగతి చాలా రచనలు పైపైనే చెబుతాయి. నిజాం పోలీసు పాలేరు వాగు దగ్గర ఆగిపోయేవాడు. భారత సైన్యానికి వాగు అడ్డు కాదు, సరిహద్దు అసలు లేదు. రెండు వైపులా ఒకే ప్రభుత్వం, ఒకే వైర్‌లెస్, ఒకే నిఘా. ఇవతల దాక్కున్నవాణ్ని ఇవతలే పట్టుకోవచ్చు. మైదానంలో దాగడానికి చోటు మిగలలేదు. దళాలు గోదావరి అడవులకు, కృష్ణ దాటి నల్లమలకు తరలిపోయాయి. నల్లగొండ, వరంగల్లు జిల్లాలను ప్రత్యేక కమిషనరు నంజప్ప కిందికి తెచ్చారు. అడవి పల్లెలను ఖాళీ చేయించి కోయలను, లంబాడాలను రోడ్ల పక్క శిబిరాల్లో ఉంచారు. కొంతకాలానికి మలయాలో బ్రిటిషువాళ్లు అనుసరించిందీ ఇదే పద్ధతి. నిజాంను దించడానికి వచ్చిన సైన్యాన్ని స్వాగతించిన జనం, పంచిన భూములు తిరిగి లాక్కోవడానికి దేశ్‌ముఖులు దాని వెనకే రావడం చూశారు.

డెల్టాలో మలబారు స్పెషల్ పోలీసు దిగింది. పార్టీకి పట్టున్న ఊళ్లను రాత్రి చుట్టుముట్టడం, ఇళ్లు సోదా చేయడం, కొట్టడం నిత్యకృత్యమైంది. ఉయ్యూరు దగ్గరి కాటూరు, పామర్రు దగ్గరి ఎలమర్రు గ్రామాల్లో 1949లో మగవాళ్లను బట్టలు విప్పించి గాంధీ విగ్రహం చుట్టూ తిప్పారు. స్వాతంత్ర్యం వచ్చి రెండేళ్లు కాలేదో అయ్యాయో అన్న సమయంలో, గాంధీ బొమ్మ ముందే ఈ పని జరిగింది. డెల్టా పల్లెలు ఈ అవమానాన్ని తరాల పాటు మర్చిపోలేదు. తుపాకీ మోయని, అన్నం పెట్టినందుకే అనుమానితులైన రైతులు ఇంత శిక్ష అనుభవించారు. వాళ్ల పేర్లు అమరుల స్తూపాల మీద అరుదు.

పార్టీ లోపల కూడా చీలిక వచ్చింది. సైనిక చర్య తర్వాత పోరాటం ఆపాలని రావి నారాయణరెడ్డి వాదించారు. భూమి నిలబెట్టుకోవాలంటే తుపాకీ దించకూడదని సుందరయ్య, రాజేశ్వరరావు, దేవులపల్లి వెంకటేశ్వరరావు అన్నారు. 1950లో రాజేశ్వరరావు అఖిల భారత కార్యదర్శి అయ్యారు. మరుసటి ఏడు ఆయన స్థానంలో అజయ్ ఘోష్ వచ్చారు. 1951 అక్టోబరు 21న పోరాటాన్ని విరమించారు. సుందరయ్య లెక్క ప్రకారం అప్పటికి 4,000 మంది కార్యకర్తలు, రైతులు చనిపోయారు. కొద్దినెలల్లో వచ్చిన ఎన్నికల్లో నల్లగొండ నుంచి రావి నారాయణరెడ్డి నెహ్రూ కన్నా ఎక్కువ ఓట్లతో లోక్‌సభకు గెలిచారు. బెజవాడ (విజయవాడ) లోక్‌సభ స్థానంలో కమ్యూనిస్టులు బలపరచిన కవి హరీంద్రనాథ్ ఛటోపాధ్యాయ గెలిచారు. మద్రాసు శాసనసభకు ఆంధ్ర ప్రాంతం నుంచి 41 మంది కమ్యూనిస్టులు వెళ్లారు.

ఈ పోరాటంలో డెల్టా పాత్ర మీద రచయితలు ఏకాభిప్రాయానికి రాలేదు. హైదరాబాదులో భారత ప్రతినిధిగా ఉన్న కె.ఎం. మున్షీ 1957 నాటి తన పుస్తకంలో కమ్యూనిస్టు ప్రమాదాన్నే ప్రధానంగా చూశారు. అలాంటి కథనాల్లో బెజవాడ బయటి కుట్రకు కేంద్రంగా కనిపిస్తుంది. అమెరికా రచయిత సెలిగ్ హారిసన్ 1956లో ఆంధ్ర కమ్యూనిస్టుల బలాన్ని డెల్టా కమ్మ రైతుల కులబలంతో ముడిపెట్టారు. నాయకత్వం గురించి ఆయన చెప్పినదాంట్లో కొంత పసుంది. దళాల గురించి మాత్రం అది నిలవదు. కొమరయ్య కురుమ, విసునూరు దొరతో భూమి కోసం తలపడిన ఐలమ్మ చాకలి, ఠాను లంబాడా. సుందరయ్య, భీమిరెడ్డి కమ్మవారు కారు. డి.ఎన్. ధనగరే, బ్యారీ పేవియర్ వంటివారు భూసంబంధాల నుంచి తిరుగుబాటు ఎలా పుట్టిందో వివరించారు. వాళ్ల దృష్టి తెలంగాణ మీదే ఉండి, సరిహద్దు ఇవతలి సరఫరా చరిత్ర పక్కకు పోయింది. 1972లో వచ్చిన సుందరయ్య గ్రంథం రెండు వైపులనూ కలిపి చెప్పిన విస్తృతమైన రచన, కాని పార్టీ నిర్ణయాల సమర్థన కూడా అందులో కలిసే ఉంది. రావి నారాయణరెడ్డి, దేవులపల్లి, నల్లా నరసింహులు రాసినవి పక్కపక్కన పెట్టుకుని చదివితే ఒకే సంఘటన మూడు రకాలుగా కనిపిస్తుంది. పోరాటం తెలంగాణ నేలలోంచే పుట్టింది. దాన్ని నిలబెట్టింది మాత్రం సరిహద్దు ఇవతలి ఆసరా. ఈ రెండు మాటలు ఒకదాన్నొకటి కొట్టేసుకోవు.

ఈ ఆసరా ఎలా పనిచేసిందో దగ్గరగా చూపినవి ఆడవాళ్ల మాటలు. స్త్రీ శక్తి సంఘటన 1986లో తెచ్చిన మనకు తెలియని మన చరిత్ర, పామర్రులో 1918లో పుట్టిన కొండపల్లి కోటేశ్వరమ్మ 2012లో ప్రచురించిన నిర్జన వారధి ఇందుకు ఉదాహరణలు. బాల్యంలోనే వితంతువై, తర్వాత కొండపల్లి సీతారామయ్యను పెళ్లాడి, ప్రజానాట్యమండలిలో పాడి ఆడిన ఆమె రహస్య జీవితంలో డెన్లు నడిపింది. డెన్ అంటే మామూలు సంసారంలా కనబడాల్సిన ఇల్లు. అందులోకి వచ్చేవాళ్లకు వేరే పేరు, వేరే ఊరు, వేరే చుట్టరికం చెప్పాలి. పక్కింటివాళ్లకు అనుమానం రాకుండా పొయ్యి రాజేయాలి, పండగ చేసుకోవాలి, కొరియరు తెచ్చిన చీటీ దాచాలి, పోలీసుల ఆచూకీ తెలిస్తే రాత్రికి రాత్రి ఇల్లు మార్చాలి. సొంత పిల్లలను చాలాసార్లు వేరేవాళ్ల దగ్గర వదలాలి. దళ కమాండర్ల జ్ఞాపకాల్లో ఈ పనికి ఒకటి రెండు వాక్యాలకు మించి చోటు దొరకలేదు. పోరాటం ముగిశాక ఆ స్త్రీలను ఇళ్లకు పొమ్మన్నారు. చదువు, ఉద్యోగం, పిల్లల పెంపకం అన్నీ మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టుకోవాల్సి వచ్చింది. ముప్పై అయిదేళ్ల తర్వాత గాని వాళ్లను కూర్చోబెట్టి అడిగినవారు లేరు.